జల్లెడకు అతుకులు వేసిన వదిన

తుప్పు విషయంలో మానవజాతి రెండు శాఖలుగా చీలి ఉంది. కనబడని తుప్పు తుప్పే కాదన్నది మొదటి శాఖ సిద్ధాంతం. కనబడే తుప్పు అసలు తుప్పు కాదనీ, అది ఊరికే గాలి కోసం వాకిట్లోకి వచ్చి నిలబడ్డ మనిషి లాంటిదనీ, కుటుంబమంతా లోపల కాపురం చేస్తోందనీ రెండో శాఖ వాదన. ఈ రెండు శాఖలకూ పెళ్లి చేస్తే ఏమవుతుందో చూడాలనుకున్నవాళ్లు మా వీధి మలుపులో ఉన్న ఇంటికి రావచ్చు. మొదటి శాఖకు అధ్యక్షుడు అన్నయ్య. రెండో దానికి వ్యవస్థాపకురాలు, ప్రచారకురాలు, ఏకైక సభ్యురాలు వదిన.

వదిన అన్నది ఆమె పేరు కాదు, పదవి. ఆమె దర్జీ. వీధిలో ఎవరి నడుము ఎప్పుడు ఎంత పెరిగిందో ఆమె మెడలోని టేపుకు తెలుసు. తన గురించి అంత తెలిసిన మనిషిని పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికుంటుంది? ఆమె కంటే వయసులో పెద్దవాళ్లు కూడా వదినా అనే అంటారు. ఆ లెక్కన ఆమె భర్త వీధి మొత్తానికీ అన్నయ్య అయి కూర్చున్నాడు. ఈ బంధుత్వాల విషయంలో ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు.

అన్నయ్య బేకరీ రొట్టెలు మోసే వ్యాను నడుపుతాడు. వ్యాను ఆయన సొంతం. తెల్లారకముందే బేకరీ దగ్గర ట్రేలు ఎక్కించుకుని దుకాణాలకూ, హాస్టల్‌కూ, ఆసుపత్రి క్యాంటీనుకూ చేరవేస్తాడు. ఆ వ్యాను ఎంత పాతదంటే, దాని జతగాళ్లు ఈ పాటికి తుక్కుకింద కరిగి గరిటెలుగానూ గునపాలుగానూ మరుజన్మ ఎత్తి ఉంటారు. అది ఆగిన చోట రొట్టె పొడి కంటే తుప్పు పొడి ఎక్కువ రాలేది. అందుకే వీధి దానికి జల్లెడ అని పేరు పెట్టింది. అన్నయ్య ఆ పేరు విననట్టే ఉండేవాడు. విననిది అననట్టే కదా. ఆయన సిద్ధాంతం చెవులకూ వర్తిస్తుంది.

ఆయన వైద్యం కూడా సిద్ధాంతానికి తగ్గట్టే ఉండేది. ఒక లప్పం డబ్బా, ఒక తెల్లరంగు డబ్బా. రవాణా శాఖ తనిఖీ దగ్గరపడగానే బొక్కల్లో లప్పం కూరి, చదును చేసి, మీద రంగు పూసి, రెండడుగులు వెనక్కి జరిగి, “కొత్తపెళ్లికొడుకులా లేదూ!” అనేవాడు. ఏళ్ల తరబడి ఈ పెళ్లి సాగింది.

కిందటిసారి మాత్రం తనిఖీకి ఒక కొత్త అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో చిన్న సుత్తితో. తలుపుల కింద బండి పొడవునా ఒక రేకు పెట్టె ఉంటుంది, లోపల బోలుగా. దాన్ని మా వీధిలో అందరం గడప అంటాం. ఆయన ఆ గడప మీద సుత్తితో మెల్లగా తట్టాడు. లప్పం ముద్ద ఒకటి ఊడి ఆయన అరచేతిలో పడింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా అన్నయ్యకు అందించాడు.

“ఇది మీదండీ.”

అన్నయ్య అలవాటు కొద్దీ “థాంక్సండీ” అన్నాడు.

“వానాకాలం మొదట్లో మళ్లీ చూస్తాను. గడపలు ఇలాగే ఉంటే ఈ బండి రోడ్డెక్కడానికి వీల్లేదు. తుక్కుకే.”

ఈ మాటను అన్నయ్య రెండు వర్క్‌షాపులకు మోసుకెళ్లాడు. మొదటి చోట మేస్త్రీ కిందికి వంగి చూసి, “దీన్ని పైకెత్తితే మధ్యకి విరుగుతుందేమో సార్, మాకెందుకొచ్చిన పాపం” అన్నాడు. రెండో చోట వంగనైనా వంగలేదు. బేకరీ యజమాని మంచివాడే కాని ఆయనకొక మేనల్లుడున్నాడు, ఆ మేనల్లుడికొక కొత్త వ్యాను ఉంది. “నువ్వు లేకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడవు అన్నయ్యా, కాని రొట్టెలు చేతుల్లో పట్టుకుని పరిగెత్తలేవు కదా” అన్నాడు ఆయన. బండి తనిఖీలో నెగ్గితే రూటు అన్నయ్యది, లేకపోతే మేనల్లుడిది. తేలిన విషయం అదీ.

అన్నయ్య ఇంటికొచ్చి ఏమీ కాలేదన్నట్టు కాళ్లు కడుక్కున్నాడు. కాని అంతకుముందు ఒకసారి ఇంజను చెడి బండి కొన్నాళ్లు ఆగినప్పుడు ఆయన ఎలా ఉన్నాడో వదిన చూసి ఉంది. రోజూ అదే వేళకు లేచేవాడు, చొక్కా తొడుక్కునేవాడు, తాళాలు జేబులో వేసుకునేవాడు, వెళ్లి కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. అంతే. ఎక్కడికీ వెళ్లేది లేదు. అడిగితే, “ఊరికే” అనేవాడు. అన్నం దగ్గర ఉప్పు లేకపోయినా అడిగేవాడు కాదు. నోరున్న మనిషి ఉప్పు అడగడం మానేస్తే ఇల్లాలికి భయం వేస్తుంది.

“నాకు ఆయన్ని మళ్లీ అలా చూసే ఓపిక లేదు అత్తయ్యా” అంది వదిన.

అత్తగారు అంటే అన్నయ్య తల్లి. మోకాళ్లు పనిచేయడం మానేశాక ఆ శక్తి అంతా నోటికి బదిలీ అయింది. ఇంటి పక్క షెడ్డు గుమ్మంలో పేము కుర్చీ వేయించుకుని, వచ్చేపోయే వీధి మీద వ్యాఖ్యానం నడుపుతూ ఉంటుంది.

“అయితే ఏం చేస్తావే? వాడి బండికి చొక్కా కుడతావా?” అందావిడ.

ఎగతాళికి అన్న మాటే. కాని వదిన లేచి, బొంతలు కుట్టే పెద్ద సూది తీసుకుని, వ్యాను కింద పడుకుంది. సూది పెట్టి పొడిచిన చోటల్లా అది సగం దాకా దిగింది. ఒక చోట సూదితో పాటు వేలు కూడా దిగింది. బయటికి వచ్చి, జుట్టులో తుప్పు పొడి దులుపుకుంటూ తీర్పు చెప్పింది.

“చిరుగులే అత్తయ్యా. కొన్ని పాతవి, కొన్ని మీ అబ్బాయి లప్పం వల్ల పెద్దవయ్యాయి. చిరుగులంటే నాకు భయం లేదు.”

మా వీధి చివర ఒక వెల్డరున్నాడు. గేట్లూ కిటికీ చువ్వలూ చేస్తాడు. మాటలు కొలిచి వాడతాడు కనుక అతన్ని అందరూ మౌనిస్వామి అంటారు. వదిన అతన్ని పిలిపించింది.

“మరిదీ, ఇనుమును ఇనుముకు కుట్టడం నేర్పాలి.”

“ఎవరికి?”

“నాకే.”

మౌనిస్వామి వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వంగి చూశాడు. లేచాడు.

“దేన్ని దేనికి కుడతావు వదినా? రెండోది కనబడట్లేదే.”

అయినా నేర్పాడు. తన పాత వెల్డింగు సెట్టు తెచ్చిపెట్టాడు, ముఖానికి నల్లద్దం ఇచ్చాడు, ముందు పాత నూనె డబ్బాల మీద చెయ్యి తిప్పుకోమన్నాడు. మొదటి రోజుల్లో వదిన బొక్కలు పూడ్చలేదు, కొత్తవి చేసింది. పలచటి రేకు మీద నిప్పు ఒక్క క్షణం ఎక్కువ ఆగితే చాలు, అతుకు వేయాల్సిన చోట వెన్నెల కనబడేది. డబ్బాల గుట్ట చూసి అత్తగారు, “పోనీలే, ఇక మొక్కలకు నీళ్లు పోసుకోవడానికి పనికొస్తాయి” అని ఓదార్చింది.

“ఒకే గీతలా లాక్కుపోకు వదినా. వేడికి రేకు ముడుచుకుంటుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. చల్లారనివ్వు. మళ్లీ మధ్యలో చుక్క” అన్నాడు మౌనిస్వామి. అతని జీవితంలో అది సుదీర్ఘ ప్రసంగం.

వదిన అద్దం పైకెత్తింది. “కచ్చా కుట్టు వేయమంటావ్. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!”

ఆ రోజు నుంచి ఆమె చేతికి ఆ పని లొంగింది. ఇక పద్ధతంతా తన పద్ధతే. ముందు కుళ్లిన రేకును మెరిసే రేకు తగిలేదాకా కోసేసింది, చీకిన బట్టను గట్టి పోగు తగిలేదాకా కత్తిరించినట్టు. మిగిలిన తుప్పును తీగ బ్రష్షుతో గీకి, తుప్పు మందు పూసింది. అప్పుడు టేపు తీసి కొలతలు. గోధుమరంగు కాగితం పరిచి, సుద్దముక్కతో గీసి, కత్తిరించి, ఆ కాగితాన్ని వ్యానుకు తొడిగి చూసింది. సరిపోయాకే రేకు కత్తెర పట్టింది. గుండుసూదులు రేకులో దిగవు కనుక అయస్కాంతాలు పెట్టింది. ప్రతి ముక్కకూ ఒక ట్రయల్. చంక దగ్గర పట్టేసినట్టుంటే, అంటే చక్రం పైన వంపు దగ్గర, తీసి మళ్లీ వంచేది.

మొదటి అతుకుకు చుట్టూ వేలెడు మడత వదిలింది.

“ఇదెందుకు?” అన్నాడు మౌనిస్వామి.

“కుట్టు లోపల వదలొద్దూ? రేపు విప్పి వదులు చేయాల్సి వస్తే?”

గుమ్మంలోంచి అత్తగారు నవ్వింది. “వ్యాను లావవుతుందటే? రొట్టెలు మోసేదేగాని తినేది కాదు కదే.”

వదిన కూడా నవ్వి మడత కత్తిరించేసింది.

గడపలు కోసిన రోజు నుంచి వ్యాను షెడ్డులోంచి కదల్లేదు. రూటు మేనల్లుడికి వెళ్లింది, తనిఖీ దాకా అన్న షరతు మీద. షెడ్డు పొడవు చాలక వ్యాను వెనక భాగం వీధిలోకి పొడుచుకొచ్చేది. దానికి వదిన ఒక గుడ్డ తొడుగు కుట్టింది, చివర నాడాతో సహా. షెడ్డులో ఒక పక్క కుట్టుమిషను, ఇస్త్రీబల్ల, హ్యాంగర్లకు వేలాడే కోట్లు. రెండో పక్క గ్రైండరు, రేకులు, ఎర్ర ప్రైమరు డబ్బా. మధ్యలో సరిహద్దుగా ఒక పాత కర్టెను. ఆ సరిహద్దును తుప్పు గౌరవించేది కాదు. ఒకాయన తెల్ల చొక్కా చేతి మడత మీద ఎర్ర చుక్క పడింది. ఆయన దాన్ని వెలుగులో పట్టుకుని, “ఇది ఇప్పటి ఫ్యాషనా వదినా?” అని అడిగాడు. “కాదు, నా తప్పు. రేపు రండి, ఆ మడత మార్చి ఇస్తా” అంది ఆమె. మార్చి ఇచ్చింది కూడా.

అన్నయ్య సంగతి చెప్పాలి. మొదటి కొన్నాళ్లు ఆయన మళ్లీ అదే వేళకు లేచి, తాళాలు జేబులో వేసుకుని, కిటికీ పక్కకు చేరాడు. బయట మేనల్లుడి వ్యాను పాట పెట్టుకుని వెళ్లేది.

“రొట్టెలకు పాటెందుకు?” అన్నాడు ఒకరోజు.

అన్ని రోజుల్లో ఆయన అన్నది ఆ మాట ఒక్కటే. వదిన వెంటనే ఆయన చేతిలో దీపం పెట్టి, “ఇది పట్టుకోండి. కొంచెం ఎత్తండి. నా మొహం మీదకి కాదు, అతుకు మీదకి” అంది. అప్పటి నుంచి ఆయన దీపధారి. కాని జీవితమంతా తుప్పును కప్పిపెట్టిన మనిషి దీపం పట్టి దాన్ని చూడాల్సి రావడం ఎంత కష్టమో ఊహించండి. ప్రతి కొత్త బొక్క దగ్గరా ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవాడు, పరాయివాళ్ల ఇంట్లోకి తొంగిచూసినట్టు.

చివరి అతుకు కూడా పడింది. ఎడమ పక్క రెండో అతుకు కాస్త ముడత పడిందని వదిన మూడుసార్లు గొణిగింది. అది తప్ప గడపలు రెండూ నున్నగా, నిటారుగా, కొత్త ఇనుములా ఉన్నాయి. రంగు వేయబోయే ముందు ఆమె అలవాటు కొద్దీ వెల్లకిలా పడుకుని, అడుగు భాగమంతా వేలితో తడుముకుంటూ పోయింది. కుట్టు పూర్తయ్యాక లోపలి వైపు తడిమి చూడని దర్జీ దర్జీ కాదు.

అక్కడ, గడప అడుగున, కోయని పాత రేకు మీద, సన్నటి పొడుగు బొక్కలు వరసగా తగిలాయి. అంచుల్లో తుప్పు. ఒకదానికొకటి ఒకే ఎడం.

“చూశారా అత్తయ్యా, ఎంత క్రమశిక్షణ గల తుప్పో! గీత గీసి తిన్నట్టు తింది.”

ఆ రోజు మౌనిస్వామి వేరే ఊరి గేటు పని మీద వెళ్లాడు. అతనుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని బతుకంతా బొక్క కనబడితే పూడ్చడమే పనిగా పెట్టుకున్న చేతులు ఊరుకుంటాయా? వదిన అద్దం దించింది. ఒక్కొక్కటే పూడ్చింది. గ్రైండరుతో చదును చేసింది. వేలు పెట్టి తడిమితే అక్కడొక బొక్క ఉండేదని వేలికి కూడా తెలియనంత నున్నగా. ఆ తర్వాత ఎర్ర ప్రైమరు, దాని మీద నల్లరంగు. ఆ సాయంత్రం వీధంతా వరసగా వచ్చి వంగి చూసి వెళ్లింది. జల్లెడ అనే పేరు పెట్టింది తనేనని అప్పటిదాకా గొప్పగా చెప్పుకున్న పాల దుకాణం ఆయన, ఆ పేరు తనది కాదని ప్రకటించాడు.

తనిఖీ ఎల్లుండనగా మొదటి వాన పడింది. మంచి వాన. రంగు ఆరాలని వీధిలో పెట్టిన వ్యాను నిలువునా తడిసింది. తెరిపి ఇచ్చాక అన్నయ్య ఆగలేకపోయాడు. వ్యానెక్కి వీధి చివరిదాకా వెళ్లి తిప్పుకొచ్చాడు. ఇంటి ముందు బ్రేకు వేశాడు. బండి ఆగింది. కాని బండిలో ఏదో ఆగలేదు.

“ఒరేయ్, నీ వ్యాను పుక్కిలిస్తోందిరా” అంది అత్తగారు.

అన్నయ్య ముందుకు పోనిచ్చి మళ్లీ బ్రేకు వేశాడు. గుడగుడ. వెనక్కి పోనిచ్చి వేశాడు. గుడగుడ. వదిన కుట్టుమిషను మీంచి లేచి వచ్చింది. మౌనిస్వామిని పిలిచారు. అతను గడప మీద వేలితో తట్టి, చెవి ఆనించి, కింద పడుకుని, చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. లేచాక ఎవరి వైపూ చూడలేదు.

“అడుగున బొక్కలుండాలే వదినా?”

“పూడ్చాగా. అన్నీ.”

“అవి తుప్పు చేసినవి కావు. ఫ్యాక్టరీ చేసినవి. కిటికీ గాజు సందులోంచి వాన నీళ్లు తలుపుల్లోకి, అక్కడి నుంచి గడపలోకి దిగుతాయి. ఏ బండికైనా దిగుతాయి. కింద బొక్కల్లోంచి పోవాలి.”

వీధి కొసన ఎవరిదో కుక్క తుమ్మింది. వదిన గోడకానుకుని నిలబడింది.

“అంటే చొక్కా అంతా కుట్టి, కాజాలన్నీ పూడ్చేశానన్నమాట.”

“తప్పేముంది వదినా, ఎవరికైనా...”

“ఎవరికైనా కాదులే మరిదీ. దర్జీకే వస్తుంది ఈ తెలివి.”

అప్పుడు అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. మొదటి శాఖ అధ్యక్షోపన్యాసం మొదలైంది.

“ఇందులో అంత కంగారు పడాల్సిందేముందోయ్? ఆయన సుత్తితో కొడతాడు. గట్టిగా ఉంది. లప్పం లేదు. బొక్క లేదు. ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు. ఎల్లుండి పాసైపోతుంది. తర్వాత తీరిగ్గా చూసుకుందాం. ఇప్పుడు డ్రిల్లు పెట్టి పూడ్చిన రేకులో మళ్లీ బొక్కలు చేస్తే, ‘ఇవేం బొక్కలు, తుప్పేనా’ అంటాడు. నువ్వు వేసిన అతుకే ఊడొచ్చిందనుకో, రేపొక్క రోజులో ఏం చేస్తావు? రూటు పోతుంది. ఆ పాటలవాడికి పోతుంది.”

చివరి మాట దగ్గర ఆయన గొంతు కొద్దిగా మారింది. అది అందరికీ వినబడింది. వదినకు ఎక్కువ వినబడింది.

నిజం చెప్పాలంటే ఆయన మాటలో తర్కం ఉంది. అంత నున్నటి గడపను ఏ అధికారైనా మెచ్చుకుంటాడు. లోపల నీళ్లు నిలిచి ఉన్నాయని సుత్తికి తెలియకపోవచ్చు. వదిన వంగి గడప మీద చెయ్యి వేసి, తను నునుపు చేసిన చోటల్లా ఒకసారి రాసుకుంటూ పోయింది.

“ఎల్లుండి పాసవుతుంది, సరే. కొన్నాళ్లకు లోపల్నుంచి కుళ్లుతుంది. ఈసారి బయటికి కనబడను కూడా కనబడదు, నేనంత బాగా మూశాను. ఏదో ఒకరోజు ట్రేల బరువుతో మీరు గుంటలో పడి బ్రేకు వేస్తారు. అప్పుడు గడప విడిపోతే? రూటు పోతే ఇంట్లో కూర్చుంటారు, నేను చూడలేక చస్తాను. అది ఒప్పుకుంటా. కాని చూడటానికైనా మీరుండాలిగా.”

అన్నయ్య తల్లి వైపు చూశాడు, ఏదైనా అంటుందేమోనని. వీధి మొత్తం మీద ప్రతిదానికీ వ్యాఖ్య ఉన్న ఆ మనిషి కండ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది.

ఆయన వెళ్లి డ్రిల్లు తెచ్చాడు. వదినకు ఇవ్వలేదు. తనే కింద పడుకున్నాడు.

“ఎక్కడ పెట్టాలో సుద్దతో గుర్తు పెట్టు. నేను పట్టుకుంటా.”

“మీకు అలవాటు లేదు, లేవండి.”

“బండి నాదోయ్. కనీసం పొడిచేదైనా నన్ను పొడవనీ.”

మొదటి బొక్క పడగానే గడపలో నిలిచిన నీరంతా ఒక్క ధారగా ఆయన ముఖం మీద పడింది. ఆయన కెవ్వుమన్నాడు. “బావుందిరా, ఇవాళ స్నానం కూడా అయిపోయింది” అని అత్తగారు మళ్లీ ఊపిరి పోసుకుంది. వదిన మాత్రం నవ్వలేదు. ఆయన చెంప మీద నీటిని వేలితో తీసి వెలుగులో చూసింది. అప్పుడే గోధుమరంగు. ఒక్క వానకే. ఆ వేలు ఆయనకు చూపించింది. ఆయన చూశాడు. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

మర్నాడంతా ఆ పనే. తన చేతుల్లో అంతవరకూ జరిగిన పనుల్లో ఇంత చక్కటిది లేదని వదిన అనుకున్న చోట, తనే సుద్దతో గుర్తులు పెట్టి పొడిపించింది. ప్రతి బొక్క అంచూ ఆకురాయితో నున్నగా రాసి, మందు పూసి, రంగు వేసింది. గొట్టం పెట్టి గడప లోపలికి మైనం కలిపిన నూనె పట్టించింది. అత్తగారి మంచం పక్క చెంబు తెచ్చి కిటికీ సందులో నీళ్లు పోసి, కింద పడుకుని, ప్రతి బొక్కలోంచీ చుక్క రావడం చూసింది. ఒకటి మొండికేసింది. దాన్ని బొంత సూదితో బుజ్జగించింది. అదీ వచ్చింది.

తనిఖీ రోజు పొద్దున్నే వాన. అన్నయ్య ముఖం ఆకాశం కంటే కరిమబ్బుగా ఉంది. దారంతా ఆయన ఏవో మాటలు సాధన చేస్తూనే ఉన్నాడు. పక్కన వదిన ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

అధికారి అదే మనిషి, అదే సుత్తి. బండిని నేలలో తవ్విన పొడుగాటి గోతి మీద నిలబెట్టించి, తను మెట్లు దిగి కిందికి వెళ్లాడు. టక్. టక్. టక్. గడప ఈ కొస నుంచి ఆ కొస దాకా. అన్నయ్య గోతి అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తీర్పు వినే ముద్దాయిలా. టక్. టక్. చప్పుడు ఆగింది. తర్వాత కింద నుంచి గొంతు వచ్చింది.

“నీళ్లు కారుతున్నాయండీ. నా చొక్కా చేతిలోకి పోతున్నాయి.”

అన్నయ్య సాధన చేసిన మాటలన్నీ వరస తప్పాయి. “అదీ... వానండీ... కావాలని... అంటే, కావాలనే...”

అధికారి మెట్లెక్కి వచ్చాడు. జేబురుమాలుతో మోచెయ్యి తుడుచుకున్నాడు, ఆ తర్వాత కండ్లద్దాలు.

“కారాలి కదా. చాలామంది అతుకులు వేసి ఆ దారులు మూసేస్తారు. మీవాళ్లు మూయలేదు.”

భార్యాభర్తలిద్దరూ ఎదురుగా ఉన్న గోడను ఎంతో ఆసక్తితో చూడసాగారు. అది మామూలు సున్నం గోడ.

“ఎక్కడ చేయించారు?”

ఒక చోట చేయించామండీ, మంచి వర్క్‌షాపు, అన్నది దారంతా సాధన చేసిన జవాబు. అన్నయ్య దాన్ని మింగేశాడు.

“ఇంట్లోనేనండి. మా ఆవిడ.”

“ఆవిడేం చేస్తారు?”

“బట్టలు కుడుతుందండి.”

అధికారి ఆమె వైపు చూశాడు. మళ్లీ గోతిలోకి దిగాడు. టార్చి వెలుగు గడప పొడవునా మెల్లగా పాకింది. “అవును, కనబడుతోంది” అని కింద నుంచి వినబడింది. అది మెప్పో తప్పో తేలలేదు.

ఆ అనిశ్చితిని వదిన భరించలేకపోయింది. “ఎడమ పక్క రెండో అతుకు ముడత పడిందండీ. వేడి ఎక్కువైంది. నాకు తెలుసు.”

అన్నయ్యకు ఉన్నట్టుండి భయంకరమైన దగ్గు తెర వచ్చింది. వదిన ఆగలేదు. “కుడి పక్క వెనక మూల కూడా ఒక చోట...”

“చూశానమ్మా. రెండూ చూశాను. బలానికి లోటు లేదు. అందం మా శాఖ కాదు” అంటూ అధికారి పైకి వచ్చాడు.

ముద్ర పడింది. అన్నయ్య ఆ కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, బండెక్కి, ఇంటి వైపు కాక బేకరీ వైపు తిప్పాడు. యజమాని కాగితం చూసి, వ్యాను చూసి, మేనల్లుడి వైపు జాలిగా చూశాడు.

“సరే అన్నయ్యా. రేపట్నుంచి నీదే.”

“రేపెందుకు? మధ్యాహ్నం ట్రేలు అవిగో ఉన్నాయిగా.”

ఎక్కించేశాడు. ఇల్లు చేరాల్సిన వదిన కూడా ఆ ట్రేలతో పాటే రూటంతా తిరగాల్సి వచ్చింది. ప్రతి దుకాణం ముందూ ఆయన రొట్టెలు దించి, తర్వాత దుకాణదారుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టి, గడప అడుగు చూపించాడు. తడి రోడ్డు. ప్యాంట్లు తడిశాయి. ఆసుపత్రి క్యాంటీను మేనేజరు తల తగిలించుకున్నాడు. వదిన సీట్లోంచి, “చాలు, రండీ” అని పిలుస్తూనే ఉంది. ఆయన వినలేదు.

తర్వాత హాస్టల్. అక్కడి వంటావిడ లావుపాటి మనిషి, నడుము నొప్పి ఉంది. అయినా అన్నయ్య బతిమాలితే తలుపు పట్టుకుని ఎలాగో వంగింది. అటూ ఇటూ వెతికింది.

“ఏముందన్నయ్యా ఇక్కడ? నల్లటి రేకు, కింద నాలుగు బొక్కలు.”

“ఆ బొక్కలే! ఇంకోసారి చూడండి. అంచులు చూడండి. ఎంత నున్నగా ఉన్నాయో! అవి పొడిచింది నేనే, కాని పొడవమన్నది...”

“నాకు నడుము పట్టేసిందయ్యా, ముందు నన్ను లేపు!” అంది వంటావిడ.

వదిన బండి దిగి వచ్చింది. ఒక చేత్తో వంటావిడను, రెండో చేత్తో మోకాళ్ల మీదున్న మొగుణ్ణి పట్టుకుని ఇద్దర్నీ లేపి నిలబెట్టింది. మధ్యలో ఆ చేతులు అలవాటు కొద్దీ వంటావిడ నడుము చుట్టుకొలత కూడా చూసేశాయి.

“మీ గౌను వదులు చేయాలి, ఆదివారం రండి” అని ఆమెకు చెప్పి, అన్నయ్య వైపు తిరిగింది. “మీరు ఎక్కండి. రొట్టెలు చల్లారిపోతున్నాయి.”